మీ కేసు షీటు తెరవడానికి అప్రూవల్ ఎవరిచ్చారు?



"అప్రూవల్ వచ్చిందా?" ఈ మాట వినని రోగి మన జిల్లాలలో ఉండరు. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ పథకం తొలిసారి మొదలైన మూడు జిల్లాలలో మన శ్రీకాకుళం ఒకటి. తక్కిన రెండు మహబూబ్‌నగర్, అనంతపురం. ఇప్పుడు ఆ పథకం పేరు ఎన్టీఆర్ వైద్య సేవ. పేరు మారినా పద్ధతి మనకు తెలిసినదే. రోగి ఆసుపత్రిలో చేరతాడు. పరీక్షలు చేస్తారు. ఆ కాగితాలను కంప్యూటరులో పైకి పంపుతారు. అక్కడి డాక్టర్లు చూసి "సరే" అంటేనే ఆపరేషను. అప్పటిదాకా రోగి తరఫువారు ఆరోగ్యమిత్ర బల్ల దగ్గర నిలబడి ఇదే ప్రశ్న అడుగుతూ ఉంటారు.

డబ్బు ఖర్చు పెట్టడానికి ఇంత జాగ్రత్త ఉంది. ఎవరు అడిగారు, ఎందుకు అడిగారు, ఎవరు ఒప్పుకున్నారు, ఏ తేదీన ఒప్పుకున్నారు అన్నది అంతా రాసి ఉంటుంది. మరి మీ జబ్బు వివరాలు ఉన్న కేసు షీటును కంప్యూటరులో తెరిచి చూడడానికి ఇలాంటి అప్రూవల్ ఏదైనా ఉందా? ఉంటే అది ఎవరు ఇస్తున్నారు? ఈ నెల నేను మీతో మాట్లాడదలచినది దీని గురించే.

నేను చాలా ఏళ్ళు ఆసుపత్రుల రికార్డు విభాగాలలో పనిచేశాను. డాక్టరును కాను, కంప్యూటరు ఇంజనీరును కాను. కాగితాలను కాపాడిన మనిషిని. అందుచేత ఆ దృష్టితోనే రాస్తున్నాను.

తాళంచెవి రోజులు

నేను ఉద్యోగంలో చేరిన రోజులలో రికార్డు గదికి ఒకే తలుపు, ఒకే తాళం. తాళంచెవి మా పెద్ద గుమాస్తా గారి దగ్గర ఉండేది. పాత కేసు షీటు కావలసిన డాక్టరు గారు చీటీ రాసి పంపేవారు. చీటీ మీద రోగి నంబరు, కారణం, సంతకం ఉండేవి. షీటు బయటకు వెళ్ళినప్పుడు రిజిస్టరులో రాసేవాళ్ళం. తిరిగి వచ్చినప్పుడు ఆ గీత పక్కనే మళ్ళీ సంతకం. సాయంత్రానికి రాని షీట్ల కోసం వార్డు వార్డుకూ తిరిగి అడిగి తెచ్చుకునేవాళ్ళం.

ఒకసారి టెక్కలి వైపు నుండి వచ్చిన ఒక పెద్దావిడ నా చేతులు పట్టుకొని, "ఎవులికీ సెప్పకండి బాబూ, మా ఇంట్లో పెళ్ళీడు పిల్ల ఉంది" అన్నది. ఆమెకు వచ్చినది క్షయ. మందులు వాడితే పూర్తిగా నయమయ్యే జబ్బు. ఆమె భయం జబ్బుకు కాదు, ఊరి నోటికి. ఆమెకు నేను ధైర్యంగా "చెప్పం అమ్మా" అనగలిగాను. ఎందుకంటే ఆ షీటు ఎక్కడ ఉందో, ఎవరు చూశారో నాకు తెలుసు.

ఈ రోజు అదే మాట ఇవ్వమంటే నేను కొంచెం తడబడతాను.

బెడ్ నంబరు ఏడు

ఇప్పుడు ఓపీ చీటీ దగ్గర నుండి ల్యాబ్ రిపోర్టు, స్కానింగ్, డిశ్చార్జి సమ్మరీ వరకు అంతా డేటాబేస్‌లో ఉంటుంది. డేటాబేస్ అంటే కంప్యూటరులోని రికార్డు గది అనుకోండి. దానికి తాళంచెవి పాస్‌వర్డు. ఇది మంచి మార్పే. ఎలుకలు కొరికిన షీట్లు, వాన నీటికి తడిసిన షీట్లు నేను చూశాను. పదేళ్ళ కిందటి షుగరు రిపోర్టు క్షణంలో దొరకడం రోగికి ఎంత మేలో కూడా చూశాను.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, చీటీ స్థానంలో వాట్సాప్ వచ్చింది. నేను పూర్వం పనిచేసిన ఒక చోట సిబ్బందికి ఒక గ్రూపు ఉండేది. డ్యూటీలు, సెలవులు, మందుల స్టాకు గురించి మాట్లాడుకోవడానికి పెట్టారు. కొన్ని నెలలకే అందులో "బెడ్ 7 పాత రిపోర్టు ఎవరైనా పంపండి" అని ఒకరు అడగడం, ఎవరో కంప్యూటరు తెరకు ఫోటో తీసి పెట్టడం, ఇంకెవరో బొటనవేలు బొమ్మ పెట్టడం అలవాటైపోయింది. కొత్త నర్సుకు లాగిన్ లేకపోతే "నా పాస్‌వర్డు వాడుకో" అని గ్రూపులోనే రాసేసేవారు. వారిలో ఎవరూ చెడ్డవారు కారు. అందరూ రోగికి తొందరగా వైద్యం అందాలనే చేశారు.

ఒక రోజు ఒక యువతి రిపోర్టు అలాగే గ్రూపులో వచ్చింది. పేరు, ఊరు కూడా ఆ ఫోటోలో ఉన్నాయి. గ్రూపులోని ఒకరి ఫోను ఇంట్లో బల్ల మీద ఉంది. చూసినవారు ఆ యువతికి కాబోయే అత్తవారికి బంధువులు. నాలుగు రోజులలో సంబంధం తప్పిపోయింది. ఆమె తండ్రి వచ్చి రికార్డు గది ముందు నిలబడి, "ఎవరు చెప్పారు?" అని ఒక్క మాటే అడిగారు. మా దగ్గర సమాధానం లేదు. దాచిపెట్టి కాదు. నిజంగానే ఎవరు చూశారో చెప్పే రిజిస్టరు లేదు. నా ఉద్యోగ జీవితంలో తల దించుకున్న రోజు అది.

ఇది మన ఒక్క చోటి సంగతి కాదు

స్కాట్లండులో లానార్క్‌షైర్ ప్రాంతపు ప్రభుత్వ ఆరోగ్య సంస్థలో సరిగ్గా ఇదే జరిగింది. కరోనా రోజులలో, 2020 ఏప్రిల్ నుండి 2022 ఏప్రిల్ వరకు, 26 మంది సిబ్బంది ఉన్న ఒక వాట్సాప్ గ్రూపులో 500 సార్లకు పైగా రోగుల వివరాలు పెట్టారు. పేర్లు, ఫోను నంబర్లు, చిరునామాలు, కొన్ని ఫోటోలు, వైద్య వివరాలు కూడా అందులో ఉన్నాయి. మధ్యలో పొరపాటున సిబ్బంది కాని ఒక వ్యక్తిని గ్రూపులో చేర్చారు. 2023లో అక్కడి సమాచార కమిషనరు ఆ సంస్థను బహిరంగంగా మందలించారు. అక్కడ కూడా గ్రూపు పెట్టినది పనులు మాట్లాడుకోవడానికే. రోగుల వివరాలకు దానిని వాడమని ఎవరూ అనుమతి ఇవ్వలేదు. కాని వాడవద్దని గట్టిగా ఆపిన వారు కూడా లేకపోయారు.

పోర్చుగల్ దేశంలో బరేరో అనే ఊరి ఆసుపత్రికి 2018లో 4 లక్షల యూరోల జరిమానా పడింది. కారణం వినండి. అక్కడి కంప్యూటరులో డాక్టరు హోదాతో 985 లాగిన్‌లు పనిచేస్తున్నాయి. ఆ ఆసుపత్రిలో ఉన్న డాక్టర్లు 296 మంది. మిగతా లాగిన్‌లు ఎవరివి? వెళ్ళిపోయినవారివి, తాత్కాలికంగా వచ్చినవారివి మూసివేయకుండా వదిలేశారు. డాక్టర్లు కానివారికి కూడా డాక్టరు చూసేదంతా కనబడేలా ఇచ్చారు.

మన రాష్ట్రంలో చూద్దాం. 2018లో ప్రభుత్వ అన్న సంజీవని మందుల దుకాణాలలో ఎవరు ఏ మందు కొన్నారో పేరు, ఫోను నంబరుతో సహా ఒక ప్రభుత్వ వెబ్‌సైటులో ఎవరైనా చూసేటట్లు ఉండిపోయిందని బయటపడింది. చవకగా మందు దొరుకుతుందని వెళ్ళిన పేదవాడి మందు చీటీ వీధిలో అంటించినట్లయింది. అదే సంవత్సరం రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటులో సుమారు 1.34 లక్షల మంది ఆధార్ నంబర్లు, కులం, మతం, బ్యాంకు వివరాలతో కలిపి కనబడ్డాయి.

2023 జూన్‌లో మరొకటి వచ్చింది. టెలిగ్రామ్ అనే చాట్ యాప్‌లో ఫోను నంబరు కొడితే, కరోనా టీకా కోసం ఆ మనిషి ఇచ్చిన వివరాలు బయటకు వస్తున్నాయని పత్రికలు రాశాయి. కోవిన్ డేటాబేస్ భద్రంగానే ఉందని, ఓటీపీ లేకుండా వివరాలు ఇవ్వదని కేంద్ర ఆరోగ్య శాఖ ప్రకటించింది. ఆ తరువాత ఢిల్లీ పోలీసులు బీహారులో ఒకరిని అరెస్టు చేశారు. నేను ఇందులో గమనించినది ఒకటే. గోడకు కన్నం వేయకుండానే ఇంట్లోని వస్తువు వీధిలోకి రావచ్చు. కాబట్టి గోడ ఎంత గట్టిది అన్న ప్రశ్నతో సరిపెట్టుకోకూడదు. లోపలికి వెళ్ళే హక్కు ఎవరెవరికి ఉంది, వారు తీసుకున్నది ఎటు వెళుతోంది అని కూడా అడగాలి.

మన ప్రాంతంలో ఈ విషయం ఎందుకు పెద్దది

విజయనగరంలో లెప్రసీ మిషన్ ఆసుపత్రి, సాలూరులో ఫిలడెల్ఫియా ఆసుపత్రి కుష్ఠు రోగులకు సేవ చేసిన చోట్లు. మన పెద్దలకు ఆ రోగుల బాధ తెలుసు. జబ్బు తగ్గిన తరువాత కూడా ఇంటికి రానివ్వని కుటుంబాలు ఉండేవి. 2019లో పార్లమెంటు చట్టం మార్చేదాకా భార్యకో భర్తకో కుష్ఠు ఉందన్న కారణం మీద విడాకులు అడిగే వీలు మన వివాహ చట్టాలలో ఉండేది. అంటే ఒక రిపోర్టు బయటకు పొక్కితే ఒక కాపురం కూలిపోయేది. మందుతో నయమయ్యే జబ్బుకు ఆ శిక్ష.

ఇప్పుడు ఉద్దానం చూడండి. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాలలో మూత్రపిండాల జబ్బుతో ఎన్ని కుటుంబాలు నలిగిపోయాయో మనకు వేరే చెప్పనక్కరలేదు. ఇంటింటికీ వచ్చి రక్తం తీసుకున్నారు, క్రియాటినిన్ పరీక్షలు చేశారు. ఆ లెక్కలు పరిశోధనకు కావాలి, వైద్యానికి కావాలి. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. మేలు జరగాలంటే లెక్కలు రాయాలి. కాని ఆ ఊళ్ళ పేరు చెబితేనే పెళ్ళి సంబంధాలకు వెనకాడుతున్నారని పత్రికలలో ఎన్నోసార్లు చదివాం. ఊరి పేరుకే ఇలా ఉంటే, మనిషి పేరు, క్రియాటినిన్ అంకె కలిసి ఫోన్లలో తిరిగితే ఏమవుతుంది?

ఇంతకన్నా పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. రహస్యం నిలవదని తెలిస్తే రోగి నిజం చెప్పడు. పురుగుల మందు తాగిన కుర్రవాడిని తీసుకువచ్చి "పొరపాటున తాగాడు" అంటారు. గర్భం సంగతి దాస్తారు. హెచ్‌ఐవీ మందులకు దగ్గర ఊరు వదిలి దూరం ఊరు వెళతారు, ఛార్జీలు లేని నెల మానేస్తారు. నమ్మకం పోయిన చోట మందు కూడా పనిచేయదు.

చాట్ మానేయమని నేను అనను

"అయితే ఆసుపత్రులు వాట్సాప్ మానేయాలా?" అని అడుగుతారు. మానేయమని చెప్పడం సులభం. కాని రాత్రి రెండు గంటలకు బొబ్బిలి దగ్గర నుండి పాముకాటు కేసు వస్తే, డ్యూటీ డాక్టరు విశాఖపట్నంలోని పెద్ద డాక్టరు గారికి ఫోటో పంపి సలహా అడుగుతారు. అలా నిలిచిన ప్రాణాలు ఉన్నాయి. చిన్న ఆసుపత్రికి ఖరీదైన కంప్యూటరు వ్యవస్థ కొనే శక్తి ఉండదు. ఉన్న ఇద్దరు గుమాస్తాలలో ఒకరు సెలవులో ఉంటారు. వారిని మరో రిజిస్టరు రాయమంటే పని ఆగిపోతుంది. ఈ వాదనలో నిజం ఉంది. నేను కొట్టిపారేయను.

నా అభిప్రాయం ఇది. అనుమతి అడగడానికి, ఇవ్వడానికి చాట్ వాడవచ్చు. రికార్డు మాత్రం చాట్‌లోకి రాకూడదు. చాట్ తలుపు దగ్గర గంట లాంటిది. గంట కొట్టి పిలవండి. లోపలి వస్తువును గంట దగ్గర పెట్టకండి.

మన పిల్లలు చాలామంది విశాఖలో, హైదరాబాదులో, బెంగళూరులో సాఫ్ట్‌వేరు కంపెనీలలో ఉన్నారు. పండుగకు ఇంటికి వచ్చినప్పుడు అడిగి చూడండి. అక్కడ స్లాక్, టీమ్స్ వంటి ఆఫీసు చాట్‌లు వాడతారు. జాగ్రత్త గల కంపెనీలలో ఒక ఉద్యోగికి ఖాతాదారుల డేటాబేస్ చూడవలసిన పని పడితే, చాట్‌లోనే ఒక ఫారం నింపి అడుగుతాడు. ఏ వివరం కావాలి, ఎందుకు, ఎంతసేపు అని అందులో రాయాలి. ఆ అడిగినది బాధ్యత గల మరొకరి ఫోనుకు వెళుతుంది. ఆయన ఒప్పుకుంటే కంప్యూటరే ఆ ఉద్యోగికి గంటో రెండు గంటలో తలుపు తెరుస్తుంది. గడువు కాగానే తానే మూసేస్తుంది. ఎవరు అడిగారు, ఎవరు ఒప్పుకున్నారు అన్నది చెరపడానికి వీలులేని పుస్తకంలో నమోదవుతుంది. ఈ పద్ధతిలో చాట్ నుండి ఒక్క ఖాతాదారుని వివరం కూడా బయటకు రాదు. ఆలోచిస్తే ఇది మా పెద్ద గుమాస్తా గారి చీటీ, రిజిస్టరు పద్ధతే. కాగితం పోయి ఫోను వచ్చింది, అంతే.

మామూలు వాట్సాప్ గ్రూపులో ఇది జరగదు. సందేశం దారిలో ఎవరూ చదవకుండా వాట్సాప్ 2016 నుండి తాళం వేసి పంపుతోంది, అది నిజం. కాని చేరిన తరువాత? ఫోటో ఫోను గ్యాలరీలో చేరుతుంది. ఫోను బాగుచేసే దుకాణానికి వెళుతుంది. ఇంట్లో పిల్లవాడు ఆటలు ఆడుకునే చేతిలో ఉంటుంది. ఉద్యోగం మానేసి వెళ్ళినవారి ఫోనులో కూడా పాత సందేశాలు అలాగే ఉంటాయి. ఇక ఆ బొటనవేలు బొమ్మ సంగతి. అది ఏ ప్రశ్నకు ఇచ్చిన జవాబు? ఎంతసేపటికి ఇచ్చిన అనుమతి? ఆరు నెలల తరువాత అడిగితే ఎవరూ చెప్పలేరు.

చిన్న ఆసుపత్రి కూడా చేయగలిగినవి

పెద్ద ఖర్చు లేకుండా చేయగలిగినవి కొన్ని రాస్తున్నాను. మన ఆసుపత్రి పెద్దలకు కూడా ఇదే నా మనవి.

మొదటిది, అన్నింటికీ అప్రూవల్ పెట్టవద్దు. వార్డులో రోగిని చూస్తున్న డాక్టరు, సిస్టరు ఆ రోగి షీటు చూడడానికి ఎవరినీ అడగనక్కరలేకుండా ఉండాలి. రోజుకు వంద అనుమతులు అడిగితే ఇచ్చేవారు చదవకుండానే "ఓకే" అంటారు. అది అప్రూవల్ లేనిదానికన్నా చెడ్డది. ఎందుకంటే జాగ్రత్త ఉందన్న భ్రమ మిగులుతుంది.

రెండవది, సున్నితమైన వాటిని వేరుచేయాలి. హెచ్‌ఐవీ, కుష్ఠు, క్షయ, మానసిక వైద్యం, గర్భస్రావం, అత్యాచార కేసులు, ఆత్మహత్యా ప్రయత్నాలు. వైద్యం చేయనివారు ఇవి చూడాలంటే తప్పక అనుమతి అడగాలి. అందులో ఎవరు, ఎవరి షీటు, ఏ భాగం, ఎందుకు, ఎప్పటివరకు అన్న అయిదు మాటలు ఉండాలి. చాట్‌లో రోగి పేరు రాయకూడదు, ఆసుపత్రి నంబరు చాలు.

మూడవది, అడిగినవారే అనుమతి ఇచ్చుకోకూడదు. సూపరింటెండెంటు గారైనా సరే, మరొకరి సంతకం కావాలి. ఒక్క రోగి షీటు కాకుండా మొత్తం జాబితా కావాలన్నప్పుడు ఇద్దరు ఒప్పుకోవాలి. ఒక షీటు పోతే ఒక కుటుంబం బాధపడుతుంది. జాబితా పోతే మండలం అంతా బాధపడుతుంది. పరిశోధన కోసం అడిగేవారికి పేర్లు తీసేసి ఇవ్వవచ్చు.

నాలుగవది, ప్రాణాపాయంలో ఆపవద్దు. ఆరోగ్యశ్రీలో అత్యవసర కేసుకు ముందు ఫోనులో అనుమతి తీసుకొని, తరువాత కాగితాలు పంపే వీలు పెట్టారు. రికార్డుల విషయంలో కూడా అలాగే చేయాలి. డాక్టరు ముందు తెరవవచ్చు, కాని మరునాడు కారణం రాయాలి, దానిని ఇంకొకరు చూడాలి.

అయిదవది, ఉద్యోగం మానేసిన రోజే లాగిన్ మూసివేయాలి. ఒకరి పాస్‌వర్డు ఒకరు వాడకూడదు. బరేరో ఆసుపత్రి కథ మనకు చాలు.

ఆరవది, వారానికి ఒకసారి ఎవరో ఒకరు ఆ అనుమతుల పుస్తకం తెరిచి చదవాలి. కంప్యూటరులో లేకపోతే కాగితం రిజిస్టరైనా చాలు. చదవని రిజిస్టరు వల్ల ప్రయోజనం లేదు.

చట్టం ఏమంటోంది

రోగి రహస్యాలు బయటపెట్టకూడదని 2002 నాటి వైద్యుల నడవడి నియమాలు చెబుతున్నాయి. కోర్టు ఆదేశం, ఇతరులకు నిజమైన అపాయం, ప్రభుత్వానికి తెలపవలసిన జబ్బులు, ఇవి మాత్రమే మినహాయింపులు. 2012 నుండి క్షయ కేసును ప్రభుత్వానికి తెలపడం తప్పనిసరి. అది రహస్యం బయటపెట్టడం కాదు, దానికి దారి వేరే ఉంది. హెచ్‌ఐవీ గురించి ప్రత్యేక చట్టం 2017లో వచ్చి 2018 సెప్టెంబరు 10 నుండి అమలులో ఉంది. రోగి రాతపూర్వక సమ్మతి లేకుండా ఆ సంగతి చెప్పకూడదని, రికార్డులు ఉంచేవారు వాటిని కాపాడే ఏర్పాట్లు చేయాలని ఆ చట్టం అంటుంది. గర్భస్రావం చేయించుకున్న స్త్రీ పేరు బయటపెట్టడం 2021 సవరణ ప్రకారం నేరం.

2023లో అందరి వ్యక్తిగత వివరాలకు సంబంధించిన డేటా రక్షణ చట్టం వచ్చింది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ముఖ్యమైన బాధ్యతలు అమలుచేయడానికి 18 నెలల గడువు ఇచ్చారు. ఆ లెక్కన 2027 మే నాటికి ఆసుపత్రులు కూడా సిద్ధం కావాలి. తగిన జాగ్రత్తలు తీసుకోని సంస్థకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా వేసే వీలు ఆ చట్టంలో ఉంది. జరిమానా భయంతో కాక, ఆ తండ్రి అడిగిన ప్రశ్న గుర్తుపెట్టుకొని మారితే మంచిదని నా ఆశ.

మన ఇళ్ళలో, మన గ్రూపులలో

తప్పంతా ఆసుపత్రిదే అని నేను అనలేను. మనం కూడా అడుగుతాం. "మా బావగారి కోడలు మీ ఆసుపత్రిలో చేరిందట, ఏమిటి సంగతి, కొంచెం చూసి చెప్పండి" అని నన్ను అడిగినవారు లెక్కలేనంతమంది. ప్రేమతోనే అడుగుతారు. కాని ఆ కోడలు తన సంగతి మీకు చెప్పమని నాకు చెప్పలేదు. సిబ్బందిలో మీకు చుట్టాలు ఉంటే దయచేసి వారిని ఈ ఇబ్బందిలో పెట్టకండి.

ఇంకొకటి చెబుతాను, నొచ్చుకోకండి. మన సంఘాలలో ప్రార్థన మనవుల కోసం వాట్సాప్ గ్రూపులు ఉన్నాయి. "ఫలానా సహోదరికి ఫలానా జబ్బు, రిపోర్టు ఇదిగో" అని ఫోటోతో సహా పెడుతున్నాం. ఆ సహోదరిని అడిగామా? ప్రార్థన చేయడానికి జబ్బు పేరు, రిపోర్టులోని అంకె అవసరం లేదు. "అనారోగ్యంతో ఉన్న మన సహోదరి కోసం" అంటే చాలు. పేరు పెట్టాలంటే ఆమె సరే అనాలి. ఇది కూడా ఒక అప్రూవలే. ఇచ్చే హక్కు ఆమె ఒక్కరిదే.

మీరు అడగవచ్చు

ఈసారి ఆసుపత్రికి వచ్చినప్పుడు మెల్లగా, మర్యాదగా అడగండి. నా రిపోర్టులు ఎవరెవరు చూడగలరు? నా షీటును ఎవరు తెరిచారో మీ దగ్గర రాసి ఉంటుందా? నా ఫోటోను కాని రిపోర్టును కాని వేరే డాక్టరుకు పంపేముందు నాకు చెబుతారా? పంపినా పేరు కప్పి పంపుతారా? మీ రిపోర్టుల నకళ్ళు మీకు కావాలంటే రాసి అడగండి. అడిగిన 72 గంటలలో ఇవ్వాలని ఆ 2002 నియమాలలోనే ఉంది. అవి మీవి.

అడిగితే విసుక్కుంటారేమోనని భయపడకండి. మంచి ఆసుపత్రికి ఈ ప్రశ్న మేలే చేస్తుంది. సమాధానం లేకపోతే, వెతుక్కోవడం మొదలుపెడుతుంది.

టెక్కలి వైపు నుండి వచ్చిన ఆ పెద్దావిడ మందులు ఆరు నెలలు వాడి, నయమై వెళ్ళింది. వెళ్ళేటప్పుడు రికార్డు గది దగ్గరకు వచ్చి, "నా కాయితం తాళం లోపలే ఉందా బాబూ?" అని అడిగింది. "ఉంది అమ్మా" అన్నాను. కాయితం పోయి కంప్యూటరు వచ్చినా, మన ఆసుపత్రిలో ఆ ప్రశ్న ఎవరు అడిగినా అదే జవాబు, తడబడకుండా, చెప్పగలిగితే చాలు.